సాయంత్రం ఏడు గంటల ప్రశ్న

పోయిన నెల ఈ పేజీలో "బొగ్గును తిట్టడం తేలిక, మానడం కష్టం" అని ఒక్క వాక్యం రాశాను. సంచీ నిండా ఉత్తరాలు వచ్చాయి. కొందరు నన్ను బొగ్గు కాంట్రాక్టర్ల మనిషిని చేశారు. అంతకు ముందు నెల సౌర విద్యుత్తును మెచ్చుకున్న సంగతి గుర్తుపెట్టుకున్న మరికొందరు, సోలార్ కంపెనీలు ఎంత ముట్టజెప్పాయని అడిగారు. ముప్పై ఒక్క ఏళ్ళు లోడ్ డిస్పాచ్ కేంద్రంలో, అంటే గ్రిడ్ అనే కరెంటు లైన్ల అల్లికలో తయారీనీ వాడకాన్నీ సరితూచే చోట, మూడు షిఫ్టులూ చేసి రిటైరైన ఇంజనీరమ్మకు పెన్షన్ తప్ప ఎవరూ ఏమీ ఇవ్వరు. మీటర్ల సందేహాలు, బిల్లుల సందేహాలు పక్కన పెట్టి ఈ నెల శీర్షిక మొత్తం ఆ తగువుకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా కాలేజీలో డిబేట్ పెట్టారు. "దేశపు గ్రిడ్ సౌర, పవన విద్యుత్తుతోనే నడవాలి" అన్నది విషయం. నేను అనుకూలంగా మాట్లాడాలి. మాకు దగ్గర్లోనే పెద్ద సోలార్ పార్కు ఉంది, ఎండకైతే కొదవే లేదు. నాలుగు గట్టి పాయింట్లు చెప్పండి అమ్మా.
— డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: పాయింట్లు నీకు ఎక్కడైనా దొరుకుతాయి అమ్మాయీ. నేను మాత్రం ఎదుటి పక్షం వాళ్ళు అడగబోయే ఒక్క ప్రశ్న చెబుతాను. సాయంత్రం ఏడింటికి ఏం చేస్తారు?

గని, శకునాల దగ్గరున్న మీ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. మిట్టమధ్యాహ్నం దాని దర్జాయే వేరు. ఆరున్నరకు సున్నా. సరిగ్గా అప్పుడే ఊళ్ళో వీధి దీపాలు వెలుగుతాయి, ఇళ్ళకు చేరినవాళ్ళు ఏసీలు వేస్తారు, మిక్సీలు తిరుగుతాయి, టీవీలు మోగుతాయి. కరెంటు బియ్యం కాదు, బస్తాలకెత్తి అటక మీద పెట్టుకోవడానికి. దేశం ఈ క్షణంలో ఎంత వాడుతోందో ఈ క్షణంలోనే అంత తయారు కావాలి. తయారీ తగ్గితే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, పడుతుంది, ఎక్కువైతే లేస్తుంది. అది 50 హెర్ట్జ్ దగ్గర, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 49.90కి, 50.05కి మధ్య ఉండాలని నిబంధన. మా కంట్రోల్ రూములో గోడ మీద ఎర్ర అంకెల్లో అది కనిపిస్తూ ఉండేది. కన్నబిడ్డ మొహం కంటే ఎక్కువసార్లు ఆ అంకె మొహం చూశాను. నేను ఉద్యోగంలో చేరిన 1990ల్లో దక్షిణాది గ్రిడ్ 48.5 దగ్గర మూలుగుతూ రోజుల తరబడి నడిచేది. ఫోను ఎత్తి "ఫలానా ఫీడరు (ఊళ్ళకు కరెంటు తీసుకెళ్ళే లైను) కోసెయ్యండి" అని చెప్పడమే అప్పట్లో మా ప్రధాన వృత్తి. 2003 జనవరిలో, గ్రిడ్ నీరసపడినప్పుడు ఎక్కువ కరెంటు లాగిన రాష్ట్రాలు ఎక్కువ ధర కట్టాలనే లెక్క దక్షిణాదికి వచ్చాకే ఆ అంకె కుదుటపడింది. ధర చెబితే తప్ప ఎవరూ మాట వినరని అప్పుడే అర్థమైంది.

ఇక బొగ్గు సంగతి. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి చూశావు కదా. రాజేయడానికి ఒక పూట. మంట తగ్గించాలంటే కట్టెలు లాగాలి, పూర్తిగా ఆర్పితే మళ్ళీ రాజేయడం ఇంకో పూట పని. బొగ్గు ప్లాంటు బాయిలరు అచ్చం అంతే. మధ్యాహ్నం ఎండ కరెంటు పోటెత్తినప్పుడు దాన్ని ఆర్పలేం, ఏడింటికి మళ్ళీ కావాలి కాబట్టి. సామర్థ్యంలో 55 శాతం దాకా తగ్గించి కాచుకుని కూర్చోవాలి. అలా కూర్చున్న బొగ్గు, మధ్యాహ్నం సోలార్ కూర్చోవలసిన పీట ఆక్రమిస్తుంది. రాజస్థాన్‌లో కొన్ని పూటలు మంచి ఎండలో సోలార్ ప్లాంట్లను తగ్గించుకోమని చెప్పవలసి రావడానికి ఇదొక కారణం. అక్కడి నుంచి మోసుకుపోయే లైన్లు చాలకపోవడం ఇంకో కారణం.

మీ వాళ్ళు తప్పకుండా ఎత్తే మాట ధర. నిజమే, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో సౌర విద్యుత్తు యూనిట్ ఒక రూపాయి 99 పైసలకు దిగింది. దాన్ని ఘనంగా చెప్పు. కానీ వైశాఖంలో మామిడి ధర చూపించి కార్తికంలో మామిడి అడిగితే కొట్టువాడు నవ్వుతాడు. కరెంటును పూటకో ధరకు అమ్మి కొనే విద్యుత్ ఎక్స్ఛేంజీలో కొన్ని ఎండాకాలపు ఆదివారాలు మధ్యాహ్నం యూనిట్ ధర దాదాపు సున్నాకు పడింది. అదే ఎక్స్ఛేంజీలో సాయంత్రాలు గరిష్ఠ పరిమితి పది రూపాయలను తాకిన రోజులూ ఉన్నాయి. తీగ అదే, మీటరు అదే, సరుకు మాత్రం ఒకటి కాదు.

కాబట్టి నీ విషయంలో ఉన్న "తోనే" అనే మాట దగ్గరే నువ్వు ఓడిపోతావు. అక్కడ పట్టుబట్టకు. "మధ్యాహ్నపు ఎండను సాయంత్రానికి మోసుకెళ్ళే దారి వేస్తూ" అని మొదటి వాక్యంలోనే కలుపుకో. ఆ దారి చూడాలంటే నువ్వు దూరం వెళ్ళనక్కరలేదు, పిన్నాపురం వెళ్ళు. ఒకసారి నీళ్ళు నింపుకుని పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం మధ్య ఆ నీటినే తిప్పుకొనే పద్ధతిలో 1,680 మెగావాట్ల ప్రాజెక్టు అది. పగలు కరెంటుతో పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే మూడు యూనిట్లకు కాస్త పైగా తిరిగి వస్తుంది. తరుగు ఉంది, దాచకు. నువ్వే చెప్పేస్తే ఎదుటివాళ్ళకు ఆ ఆయుధం దక్కదు.

ప్రశ్న: దేశంలో సగం కరెంటు ఇప్పుడు బొగ్గు లేకుండానే వస్తోందని పేపర్లో చదివాను. మరి మా ఇంటి ముందు బొగ్గు బండి ఆగిందే లేదు! గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, నాకు లెక్క కుదరడం లేదు.
— సింగరేణి విశ్రాంత కార్మికుడు, గోదావరిఖని

జవాబు: లెక్క కుదరకపోవడం మీ తప్పు కాదండీ, ఆ వార్త రాసినవారు బిందెలను లెక్కపెట్టి నీళ్ళని చెప్పారు. 2025 జూన్ నాటికి దేశంలో బొగ్గు, గ్యాస్, చమురు కానివాటి స్థాపిత సామర్థ్యం మొత్తంలో సగానికి చేరింది. అది నిజం, గొప్ప విషయం కూడా. అయితే సామర్థ్యం అంటే బిందె. అందులో ఎన్ని నీళ్ళు పడ్డాయన్నది యూనిట్ల లెక్క. వెయ్యి మెగావాట్ల సోలార్ బిందె ఏడాది పొడుగునా సగటున పావు వంతు నిండితే గొప్ప. రాత్రి ఉంది, మబ్బు ఉంది, దుమ్ము ఉంది. అదే వెయ్యి మెగావాట్ల బొగ్గు బిందె మూడింట రెండు వంతుల దాకా నిండుతుంది. అందుకే బిందెల్లో సగం బొగ్గు కానివాటివైనా, నీళ్ళలో పదింట ఏడు పాళ్ళ దాకా ఇప్పటికీ బొగ్గువే.

మీ పక్కనే ఉన్న రామగుండం ఎన్టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, 200 మెగావాట్లవి మూడు, వెరసి 2,600. యూనిట్ కరెంటుకు ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూ బొగ్గు. ఒక్క 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో నడిస్తే రోజుకు ఎనిమిది, తొమ్మిది వేల టన్నులు మింగుతుంది. మీ ఇంటి ముందు బండి ఎందుకు ఆగదో ఇప్పుడు మీరే వేసుకోండి లెక్క. అదే ప్లాంటు జలాశయం మీద 2022 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ ఫలకాలు కూడా ఉన్నాయి. ఎప్పుడైనా గట్టు మీద నిలబడి చూడండి. ఒక పక్క పొగగొట్టాలు, ఒక పక్క నీళ్ళ మీద నీలం చాపలు. ఈ పేజీలో జరుగుతున్న తగువంతా అక్కడ ఒకే ఆవరణలో చప్పుడు లేకుండా నడిచిపోతోంది.

ఉత్తరం చివర "మా మనవళ్ళ సంగతేమిటి" అని చిన్న అక్షరాలతో రాశారు. తీపి కబురు చెప్పలేను. బొగ్గు రేపో ఎల్లుండో ఆగదు. దామరచర్లలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్ల యాదాద్రి ప్లాంటు వంటివి కట్టుకున్నాక, అవి దశాబ్దాల పాటు బొగ్గు అడుగుతూనే ఉంటాయి. కట్టినవాటిని వాడుకోవాలన్నదే నా మాట. రోజుకు రెండు మూడు గంటల సాయంత్రం గిరాకీ కోసం కొత్తగా ఇంకో గాడిపొయ్యి తవ్వవద్దన్నది కూడా నా మాటే. సింగరేణి సంస్థే సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టుకుంటోంది. కానీ ఫలకాల కింద కడగడానికీ కాపలాకూ తప్ప మనుషులు అక్కరలేదు. గని ఇచ్చినన్ని ఉద్యోగాలు ఎండ ఇవ్వదు. ఈ మాట హైదరాబాద్ సదస్సుల్లో ఎవరూ అనరు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: నేను మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2025 ఏప్రిల్ 28న ఇక్కడ పట్టపగలు కరెంటు పోయి దేశం దేశమే ఆగిపోయింది. పదకొండు అంతస్తులు మెట్లెక్కి ఇంటికి చేరాను. సోలార్ ఎక్కువైనందుకే ఇలా జరిగిందని మా వాట్సాప్ బృందంలో తీర్పు ఇచ్చేశారు. ఇండియాకూ ఇదే గతి పడుతుందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, స్పెయిన్

జవాబు: వాట్సాప్ తీర్పులో సగం పాలు నిజం ఉంది బాబూ, తక్కిన సగం నీళ్ళు.

ఆ మధ్యాహ్నం పన్నెండున్నర దాటగానే స్పెయిన్, పోర్చుగల్ రెండూ పడిపోయాయి. యూరప్ గ్రిడ్ నిర్వాహకుల నిపుణులు తేల్చిన కారణం వోల్టేజి పెరిగిపోవడం. ఒక ప్లాంటు వోల్టేజి తట్టుకోలేక ట్రిప్ అయింది, అంటే తనంతట తానే గ్రిడ్ నుంచి తెగిపోయింది, దానితో వోల్టేజి ఇంకా పెరిగింది, పక్కది ట్రిప్ అయింది. సెకన్లలో అంతా అయిపోయింది. వోల్టేజిని కిందికి లాగి పట్టుకోవలసిన బాధ్యత సంప్రదాయ ప్లాంట్లకు అప్పగించారు. అవి చాలినంత లాగలేదు. సోలార్ ప్లాంట్లకు ఆ శక్తి ఉన్నా, అక్కడి నిబంధనలు వాటిని ఒకే పద్ధతికి బిగించి ఉంచాయి. అంటే కోడలికి వంట రాక కాదు, వంటింట్లోకి రానివ్వలేదు. ఆ తర్వాత స్పెయిన్ ఆ నిబంధన మార్చింది.

నిజమున్న సగం ఏమిటంటే, పాత యంత్రాలకు బరువుంది. తిరగలి చెయ్యి వదిలినా ఇంకో చుట్టు తిరుగుతుంది కదా. వందల టన్నుల టర్బైన్లు గ్రిడ్‌కు దెబ్బ తగిలినప్పుడు ఆ ఒక్క చుట్టు సమయం ఇస్తాయి. మాకు ఆ కొన్ని సెకన్లు చాలా ఖరీదైనవి. సోలార్ ఫలకంలో తిరిగేది ఏదీ లేదు. ఆ పనిని ఇన్వర్టర్లకూ బ్యాటరీలకూ నేర్పవచ్చు, కొన్ని దేశాల్లో నేర్పుతున్నారు కూడా. నేర్పకుండా ఫలకాలు మాత్రం పరుచుకుంటూ పోతే మీ వాట్సాప్ బృందమే గెలుస్తుంది.

ఇంకొకటి కూడా వాళ్ళకు చెప్పండి. 2012 జూలై 30 తెల్లవారకముందే, రెండున్నర ప్రాంతంలో, బీనా–గ్వాలియర్ లైను ట్రిప్ అయి మన ఉత్తరాది గ్రిడ్ మొత్తం కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ కలిసి కూలాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం అది. అప్పుడు దేశంలో సోలార్ లెక్కలోకి వచ్చేంత లేనే లేదు. బొగ్గు గ్రిడ్ కూడా నిక్షేపంలా కూలగలదు. ఆ రెండు రోజులూ మేము దక్షిణాదిలో కూర్చుని టీవీలో చూశాం. మనది అప్పటికింకా మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు. రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను మీదుగా 2013 డిసెంబరు 31న కలిసింది. ఆ రాత్రి నుంచి ఎక్కడో గుజరాత్‌లో పెద్ద ప్లాంటు ట్రిప్ అయినా హైదరాబాద్‌లో మా ఎర్ర అంకె వణికేది. కలిసి ఉంటే బలం, కలిసి పడే ప్రమాదం, రెండూ ఒకే లైను మీద వచ్చాయి.

ప్రశ్న: మా నాన్న కాలమంతా రాత్రి కరెంటుకే మడి తడిపారు. ఇప్పుడు పగటి కరెంటు ముద్దంటున్నారు. ఇది మా మీద ప్రేమా, సోలార్ వాళ్ళ మీద ప్రేమా?
— రైతు, మిర్యాలగూడ దగ్గర

జవాబు: మీరు ఇంత సూటిగా అడిగారు కాబట్టి నేనూ అలాగే చెబుతాను. రెండూ.

మా పుట్టిల్లు కూడా మీ జిల్లాయే. 1990ల చివర్లో మా అన్నయ్య రాత్రి పన్నెండున్నరకో రెండింటికో లేచేవాడు. మంచం కింద చెప్పులు, తలగడ పక్కన టార్చి, తలుపు మూల కర్ర, మూడూ ఎప్పుడూ అదే చోట. గట్టు మీద పాము ఉంటుందని నేలను కర్రతో తడుతూ నడిచేవాడు. మోటారు దగ్గర తడి కాళ్ళతో నిలబడి స్టార్టరు పెట్టె తెరిచేవాడు. అలాంటి రాత్రే చివరి రాత్రి అయిన రైతుల పేర్లు మీ ఊళ్ళోనూ కొన్ని ఉంటాయి. మా అన్నయ్యకు ఏమీ కాలేదు, కాని నలభై దాటకుండానే నిద్ర శాశ్వతంగా పాడైంది. ఆ రోజుల్లో ఏ గ్రూపు ఫీడర్లకు ఏ గంటల్లో మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు ఇవ్వాలో పట్టిక వేసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఒక సంక్రాంతికి ఇంటికి వెళితే అన్నయ్య "బి గ్రూపు టైము నువ్వే రాశావటగా" అన్నాడు. కోపంగా కూడా కాదు. వదిన అరిసెల పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. నేను తినలేకపోయాను.

రాత్రే ఎందుకంటే, రాత్రి ఊళ్ళు పడుకుంటే గాడిపొయ్యి మంట ఎవరికీ అక్కరలేదు. ఆర్పడానికి లేదు. ఆ మంటకు గిరాకీగా రైతు మోటారును పెట్టారు. బొగ్గు ప్లాంటు సౌకర్యానికి రైతు మేలుకున్నాడు. ఇప్పుడు మిగిలేది మధ్యాహ్నపు కరెంటు, అందుకని రైతుకు పగలు ఇస్తామంటున్నారు. కారణం గ్రిడ్‌దే అయినా ఈసారి సౌకర్యం మీకూ కలిసొచ్చింది, వదులుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలన్నది విధానం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. ఇరవై నాలుగు గంటలు ఉన్నప్పుడు కూడా మీరు పగలే వాడితే గ్రిడ్‌కు ఎంతో తేలిక.

నా వంతు చిన్న సణుగుడు: ఆటోస్టార్టరు తీసేయండి. పోయిన కరెంటు రాగానే ఊళ్ళోని మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి? అది కాలితే బాగుచేసి తెచ్చేదాకా ఎండేది మీ మడే. కెపాసిటర్ బిగించుకోండి, వోల్టేజి నిలబడుతుంది.

ప్రశ్న: గోదావరి జిల్లాల్లో ఇన్ని గ్యాస్ ప్లాంట్లు కట్టి తాళాలు వేశారు. సాయంత్రానికి అవి పనికిరావా?
— రాజమహేంద్రవరం నుంచి ఒక ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీరు నా పుండు మీదే వేలు పెట్టారు. సాయంత్రం ఏడింటికి గ్యాస్ టర్బైన్ అంత చక్కని పనివాడు లేడు. గాడిపొయ్యిలా పూట పట్టదు, చకచకా అందుకుంటుంది. 2009లో కృష్ణా-గోదావరి బేసిన్ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైనప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం. ఏడాది రెండేళ్ళలోనే ఊట తగ్గిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్మి కట్టిన ప్లాంట్లు అలాగే నిలబడిపోయాయి. దిగుమతి గ్యాస్‌తో నడిపితే యూనిట్ ధర చూసి డిస్కంలు (ఇళ్ళకు కరెంటు పంచే సంస్థలు) దండం పెడతాయి. నడివేసవిలో మరీ ఇబ్బంది అయినప్పుడు కేంద్రం ఆదేశించి కొన్నాళ్ళు నడిపిస్తుంది, అంతే. కట్టేముందు ఇంధనం ఎక్కడిదని గట్టిగా అడగాలన్న పాఠం మనకు ఇంటి పక్కనే ఉంది.

ప్రశ్న: అప్పు చేసి మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. నిన్న మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే మా ఇంట్లోనూ ఫ్యాన్ తిరగలేదు! నెత్తిన సూర్యుడు, గదిలో ఉక్క. మమ్మల్ని మోసం చేశారా?
— గృహిణి, విజయవాడ

జవాబు: మోసం కాదమ్మా, అమ్మినవాళ్ళు ముందే చెప్పకపోవడం మాత్రం తప్పు. మీ ఇన్వర్టరు గ్రిడ్ లయను చూసుకుంటూ నడిచే రకం. బయట కరెంటు పోగానే అది కూడా ఆగిపోవాలి. లేకపోతే మీ మేడ మీది కరెంటు వీధి తీగలోకి పోతుంది. అక్కడ స్తంభం ఎక్కి, లైను చచ్చిందనుకుని చెయ్యి వేసే లైన్‌మన్ ఒకడుంటాడు. ఆ మనిషి కోసం ఆ రెండు గంటల ఉక్క భరించండి. భరించలేమంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. మీ పేటలో కోతలు అరుదైతే ఆ ఖర్చు దండగ అంటాను.

మూడు కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే రాయితీ 78,000 రూపాయలు మీ ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా రావాలి. రాకపోతే రెండే అనుమానాలు: దుమ్ము, నీడ. మీరు పంపిన ఫోటోలో కొబ్బరిచెట్టు నీడ ఒక ఫలకం మూల మీద పడుతోంది. మూలే కదా అనుకోకండి, ఆ మూల తన వరుస మొత్తాన్ని వెనక్కి లాగుతుంది. చెట్టు కొట్టమని మాత్రం నేను చెప్పను, ఫలకాన్ని జరిపించండి. వాషింగ్ మెషీను, నీళ్ళ మోటారు మధ్యాహ్నమే వేయండి. రాత్రి ఎనిమిదింటికి మోటారు వేసే ప్రతి ఇల్లూ ఎక్కడో ఒక గాడిపొయ్యిలో ఇంకో కట్టె పెడుతోంది.

ప్రశ్న: ఇంత చర్చ ఎందుకు, అణు విద్యుత్తు ఉండగా?
— పేరు రాయని పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: దేశం వాడే కరెంటులో దాని వాటా మూడు శాతం దగ్గరే ఏళ్ళ తరబడి కూర్చుంది. 2047కు లక్ష మెగావాట్లని 2025 బడ్జెట్లో ప్రకటించారు. మీ జిల్లాలోని కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అన్న మాట ఎంత పాతదో నాకంటే మీకే బాగా తెలుసు. పొగ లేదు, రాత్రీ పగలూ ఒకే తీరున నడుస్తుంది, అది దాని గుణం. ఒకే తీరున నడవడమే ఇష్టం కాబట్టి సాయంత్రం ఏడింటికి అదనంగా ఏమీ పెంచదు, అది దాని దోషం. నేను వ్యతిరేకిని కాను. కానీ ఇవాళ మొదలుపెడితే నా మనవరాలి పెళ్ళికి అందే కరెంటును చూపించి రేపటి వేసవికి ఏర్పాట్లు మానేయకూడదు.

ప్రశ్న: అన్నిటినీ విమర్శిస్తారు. మీకు నచ్చిన కరెంటు ఒక్కటైనా ఉందా?
— హైదరాబాద్, కూకట్‌పల్లి

జవాబు: ఉంది. నీళ్ళ కరెంటు. ఎందుకో ఒక రాత్రి చెబుతుంది.

2020 ఏప్రిల్ 5, ఆదివారం. లాక్‌డౌన్ రోజులు. రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు దేశమంతా దీపాలు ఆర్పమని ప్రధాని కోరారు. జనానికి అది దీపాల పండగ. మాకు, అన్ని కోట్ల స్విచ్చులు ఒకేసారి నొక్కితే గ్రిడ్ ఏమవుతుందన్న భయం. గిరాకీ పన్నెండు, పదమూడు వేల మెగావాట్లు పడుతుందని అంచనా. నా షిఫ్టు కాకపోయినా పిలిపించారు. మాస్కులు వేసుకుని దూరం దూరంగా కూర్చున్నాం. ఎనిమిదీ ముప్పావుకే జనం ఆర్పడం మొదలుపెట్టారు. మనవాళ్ళు ముహూర్తానికి ముందే పీటల మీద కూర్చునే రకం. తొమ్మిదీ తొమ్మిది అయ్యేసరికి దేశంలో పడిపోయిన గిరాకీ 31,000 మెగావాట్లు, అంచనాకు రెట్టింపు పైన.

ఆ రాత్రి గ్రిడ్‌ను కాపాడింది ముఖ్యంగా నీళ్ళే. తొమ్మిది కొట్టకముందే దేశంలోని జలవిద్యుత్ యూనిట్లను పైకి తెచ్చి పెట్టుకున్నారు. దీపాలు ఆరుతుంటే పాతిక నిమిషాల వ్యవధిలో సుమారు 17,500 మెగావాట్లు దించారు, దీపాలు తిరిగి వెలుగుతుంటే సుమారు 11,000 మెగావాట్లు మళ్ళీ ఎక్కించారు. గేటు మూస్తే తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. అంత వేగంగా ఆ పని చేయమంటే ఏ బాయిలరూ ఒప్పుకోదు. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ, సాగర్‌లో పెద్ద కేంద్రంలోని ఎనిమిదిలో ఏడూ, వెనక్కి తిరిగి నీళ్ళను పైకి తోడగలిగినవే. పెద్దలు ఎప్పుడో కట్టిపెట్టిన బ్యాటరీలవి. కింద తోడుకోవడానికి నీళ్ళు నిలవ ఉండాలి, రెండు రాష్ట్రాలూ నీటి పంచాయతీ మాని ఒక మాట మీద ఉండాలి. మొదటిది వరుణుడి చేతిలో ఉంది. రెండో దాని గురించి రాస్తే సంపాదకుడు కత్తిరిస్తారు.

ఆ రాత్రి ఎర్ర అంకె 50.26 దాకా లేచింది, 49.70 దాకా దిగింది. నా సర్వీసు చివరి ఏళ్ళలో అరగంటలో అది అంత ఊగడం చూడలేదు. తొమ్మిదిన్నరకు కుదుటపడ్డాక ఎవరో ఫ్లాస్కులోంచి టీ పోశారు. మా అమ్మాయి ఫోన్ చేసి "అమ్మా, దీపం పెట్టావా?" అంది. లేదే, నాకు తీరిక లేదు అన్నాను.

(ఫ్రిజ్ స్టెబిలైజరు గురించి రాసిన ముగ్గురికీ వచ్చే నెల జవాబు.)